చిన్న కళాశాలలో మొదటి యేడు

మా అన్నగారి కుమార్తెకు అమెరికాలోని యొక చిన్న లిబరల్ ఆర్ట్సు కళాశాలలో ప్రవేశము లభించినదని తెలిసిన దినమున మా యింటికి వచ్చిన బంధువులలో సగముమంది అభినందించిరి. తక్కిన సగము పరామర్శించిరి. “లెక్కల్లో అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్లని ఆర్ట్సులో వేస్తున్నారేమిట్రా?” అని మా పెద్దత్తగారు తమ బాధను దాచుకొనలేకపోయిరి. ఆ పిల్ల అక్కడ కంప్యూటరు శాస్త్రమైనను, రసాయన శాస్త్రమైనను చదువవచ్చునని మేము చెప్పిన మాట ఆమె చెవి కెక్కలేదు. ఆమెను తప్పుపట్టుటకును వీలులేదు. మన యూళ్ళలో ‘ఆర్ట్సు గ్రూపు’ అనగా సైన్సు సీటు దొరకనివారికి మిగిలిన చోటు అను భావము ఎన్నో యేండ్లుగా పాతుకొని యున్నది.

ఆంధ్ర, తెలంగాణములనుండి అమెరికాకు వెళ్ళు విద్యార్థులలో పెక్కుమంది ఇక్కడ ఇంజనీరింగు ముగించి, పై చదువునకు పెద్ద విశ్వవిద్యాలయములలో చేరువారే. ఇంటరు కాగానే, పదునెనిమిదేండ్ల వయస్సున, ఇట్టి చిన్న కళాశాలకు పోవువారు తక్కువ. అందువలన ముందు వెళ్ళినవారి నడిగి తెలిసికొను వీలు మన కుటుంబములకు అంతగా లేదు. ఆ యేడాది మేము అడిగియు, చదివియు, కొన్నిచోట్ల పొరపాటుపడియు తెలిసికొన్న సంగతులు ఇట్టి ప్రయాణమునకు సిద్ధపడుచున్న యిండ్లకు ఉపకరింపవచ్చునని ఈ ప్రసంగము.

ముందుగా ఆ మాట సంగతి. మధ్యయుగపు ఐరోపాలో స్వతంత్రుడైన మనుష్యుడు నేర్వదగిన విద్యలు ఏడని లెక్కించిరి. వ్యాకరణము, తర్కము, వక్తృత్వము అనునవి మూడు. అంకగణితము, క్షేత్రగణితము, సంగీతము, ఖగోళశాస్త్రము అనునవి నాలుగు. సంగీతమును కూడ వారు స్వరముల నిష్పత్తులను లెక్కకట్టు శాస్త్రముగనే బోధించిరి. అనగా ఏడింట నాలుగు గణితసంబంధమైనవే. ఈ లెక్క ఆనాడు మాకు తెలిసియుండిన మా పెద్దత్తగారికి చెప్పియుందుము. మన ‘కళాశాల’ అను మాటయందును కళయే ఉన్నది గదా! రాజమహేంద్రవరపు ఆర్ట్సు కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములు చదివి బయటికి వచ్చినవారెందరో శ్రోతలలోనే ఉండవచ్చును.

అమెరికాలో ఈ జాతి కళాశాలలు పాతవి. మసాచుసెట్సు రాష్ట్రములోని విలియమ్సు కళాశాల 1793లోను, అమ్హర్స్ట్ 1821లోను, ఒహైయోలోని ఓబర్లిన్ 1833లోను, పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ 1864లోను, మిన్నెసోటాలోని కార్ల్‌టన్ 1866లోను పుట్టినవి. ఒక్కొక్కదానిలో విద్యార్థుల సంఖ్య ఇంచుమించు పదునైదువందలనుండి మూడువేల లోపుగ ఉండును. మన జిల్లా కేంద్రములోని యొక డిగ్రీ కళాశాలకన్న పెద్దవి కావు. పరిశోధక విద్యార్థులు ఇట్టి చోట్ల ఉండరు, లేదా మిక్కిలి కొద్దిమంది. ఇది పైకి చిన్న సంగతివలె కనబడును గాని, మిగిలినదంతయు దీనినుండియే వచ్చును. పెద్ద విశ్వవిద్యాలయములో మొదటి యేటి విద్యార్థి మూడువందలమంది నడుమ కూర్చుండి ఉపన్యాసము విని, తన సందేహములను పరిశోధక విద్యార్థియొద్ద తీర్చుకొనుట సామాన్యము. చిన్న కళాశాలలో ఆచార్యుడే మొదటి యేటివారికి పాఠము చెప్పును, ఆయనయే వారి వ్యాసములను దిద్దును, పేరు పెట్టి పిలుచును. వెనుకబెంచీ అనునదే లేదు.

ఈ సామీప్యమువలన ఏమగునో చెప్పుటకు రేడియో గల యిండ్లకు తగిన ఉదాహరణ మొకటి కలదు. అయోవా రాష్ట్రములో మొక్కజొన్న చేల నడుమ గ్రిన్నెల్ అను చిన్న పట్టణమున్నది. అచ్చటి కళాశాల 1846లో స్థాపితమైనది. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టగా, గ్రిన్నెల్‌లో భౌతికశాస్త్రము బోధించుచుండిన గ్రాంట్ గేల్ దానియందు ఆసక్తి గొని తన శిష్యులకు ఆ క్రొత్త వస్తువును గూర్చి చెప్పెను. ఆ శిష్యులలో రాబర్ట్ నాయిస్ ఒకడు. అతడు 1949లో అక్కడ పట్టభద్రుడై, పదేండ్ల తరువాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను కనుగొన్నవారిలో ఒకడాయెను. 1968లో ఇంటెల్ సంస్థను స్థాపించిన యిద్దరిలో ఒకడాయెను. 1989లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానమును పంచుకొన్న టామస్ చెక్ కూడ ఆ కళాశాలలోనే 1970లో పట్టము పుచ్చుకొన్నవాడు. నాయిస్ విద్యార్థిగ నుండగా విందు కొరకు ఒక రైతు పందిపిల్లను దొంగిలించి, ఒక సెమిస్టరు కాలము కళాశాలకు దూరమయ్యెనను సంగతి కూడ చరిత్రలో ఉన్నది. గేల్ వంటివారు అతని పక్షమున నిలిచిరి కనుక సరిపోయినది. ఉపాధ్యాయుడు శిష్యుని నెరిగియుండుట అనగా అదియే.

మనకిది బొత్తిగా క్రొత్త కాదు. రాజమహేంద్రవరపు ఆర్ట్సు కళాశాలకు ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలో ప్రధానాచార్యుడుగ నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావును, అడివి బాపిరాజును చేరదీసి వారి కళను పెంచిన సంగతి తెలుగువారెరిగినదే. అయితే అది ఒకరిద్దరికి లభించిన భాగ్యము. ఆ చిన్న కళాశాలలలో దానిని అందరికిని ఏర్పాటుగ చేసిరి. గ్రిన్నెల్‌లో మొదటి సెమిస్టరున ప్రతి విద్యార్థియు ‘ట్యుటోరియల్’ అను తరగతిలో చేరవలెను. సుమారు పండ్రెండుగురు పిల్లలు, ఒక ఆచార్యుడు. విషయము ఆచార్యుడు తనకు నచ్చినది ఎన్నుకొనును. చదువుట, వ్రాయుట, మాటలాడుట అను మూడింటిని నేర్పుటయే దాని పని. ఆ ఆచార్యుడే, విద్యార్థి తన ముఖ్యవిషయమును నిర్ణయించుకొను వరకు, అతనికి సలహాదారు. విలియమ్సులో మరియొక పద్ధతి కలదు. ఇద్దరు విద్యార్థులు ఆచార్యుని యెదుట కూర్చుందురు. ఒక వారము ఒకరు వ్యాసము వ్రాసి తెచ్చి వినిపింపగా, రెండవవారు దానిని విమర్శింతురు. మరుసటి వారము పాత్రలు మారును.

ఇట్టి గదిలోనికి మన పిల్ల ప్రవేశించునపుడు ఏమి జరుగును? పండ్రెండేండ్లపాటు గురువుగారి యెదుట మౌనముగ నుండుటయే వినయమని నేర్చినది. ప్రశ్నకు పుస్తకములోని మాటలనే తు.చ. తప్పక అప్పగించుటయే తెలివి అని మార్కుల రూపమున మెప్పు పొందినది. ఇప్పుడు గుండ్రని బల్లచుట్టు పండ్రెండుగురు కూర్చుండి యుందురు. పక్కనున్న బాలుడు పాఠమును సగమే చదివి వచ్చినను ధారాళముగ మాటలాడుచుండును. మన పిల్ల మొత్తము చదివి, కొన్ని పంక్తులు కంఠస్థము చేసి, నోరు విప్పకుండ తిరిగి వచ్చును. మా అన్నగారి కుమార్తె మొదటి ఆరు వారములును ఇట్లే గడిపినది. ఆచార్యురాలు ఆమెను పిలిచి, “నీ మౌనమువలన తక్కిన పదకొండుగురును నష్టపడుచున్నారు” అని చెప్పినదట. మౌనము ఇతరులకు నష్టమగునని మన ఇంట ఎవ్వరికిని తోచియుండలేదు.

కనుక మొదటి సన్నాహము పెట్టెలు సర్దుకొనుట కాదు. ప్రయాణమునకు ముందున్న మూడు నాలుగు మాసములలో రాత్రి భోజనమువేళ ఇంటిలో ఒక చిన్న అలవాటు చేసికొనవచ్చును. ఆనాటి వార్తాపత్రికలోని సంపాదకీయమునో, రేడియోలో విన్న ప్రసంగమునో తీసికొని, పిల్ల తన అభిప్రాయమును చెప్పవలెను, దానికి ఆధారమేమో చెప్పవలెను, తక్కినవారు కాదనవలెను, పిల్ల మరల బదులు చెప్పవలెను. ఇందులో కష్టమైన పాత్ర పిల్లది కాదు, తండ్రిది. అన్నము తినుచు కూతురు తన మాటను ఖండింపగా విని, “నీవు చెప్పినదానిలో ఈ భాగము సరియే” అనగల సహనము ఆయన కలవరచుకొనవలెను. మా అన్నగారికి అది పట్టుబడుటకు రెండు నెలలు పట్టినది. ఇప్పటికిని సంపూర్ణముగ పట్టుబడినదని చెప్పలేము.

ఆచార్యులను ఎట్లు పిలువవలెనను బెంగ కొందరికి ఉండును. అక్కడి పిల్లలలో కొందరు పేరుతోనే పిలుతురు. మన పిల్లకు నోరు రాకున్న “ప్రొఫెసర్” అన్నచో ఎవ్వరును తప్పుగ భావింపరు.

వ్రాత సంగతి ఇంతకన్న గట్టిది. మా పిల్ల వ్రాసిన మొదటి వ్యాసము తిరిగి వచ్చినపుడు దాని చివర ఒక ప్రశ్న వ్రాసియుండెను: “ఇందులో నీ వెక్కడ ఉన్నావు?” ఆ పిల్ల గ్రంథాలయమునుండి అయిదు పుస్తకములు తెచ్చి, వానిలోని మంచి వాక్యములను వరుసగ కూర్చినది. ఇక్కడ అట్టి పనికి నూటికి తొంబది మార్కులు వచ్చెడివి. అక్కడ ఇతరుల వాక్యమును, తుదకు ఇతరుల ఆలోచనను గూడ, వారి పేరు చెప్పక వాడుట దొంగతనముగ లెక్క. తెలియక చేసితినన్న మాట కొంతవరకే పనికివచ్చును. విచారణసంఘము ఎదుట నిలువవలసి రావచ్చును, సెమిస్టరు పోవచ్చును. మా పిల్ల చేసినది అంతవరకు పోలేదు. మూలములను పేర్కొన్నది గనుక హెచ్చరికతో తీరినది. కాని ఆ వారము ఫోనులో ఆమె కంఠము మేము మరువలేదు.

ఈ నియమమును వారు పోలీసువలె కాపలా కాయుదురని అనుకొనరాదు. పెన్సిల్వేనియాలోని హావర్‌ఫర్డ్ కళాశాలలో 1897 నుండి విద్యార్థులే నడుపుకొను ధర్మనియమావళి కలదు. పరీక్షలలో కాపలాదారు ఉండడు. ప్రశ్నపత్రమును ఏ దినమున వ్రాయవలెనను విషయమును గూడ చాలవరకు విద్యార్థియే నిర్ణయించుకొనును. ఇంత నమ్మకము చూపుచోట నమ్మకభంగము పెద్ద తప్పగుట సహజము. ఇంటివద్ద చేయవలసిన అభ్యాసము సులభమైనది. వారమునకు ఒక వ్యాసమును చదివి, పుస్తకము మూసి, అందులో రచయిత ఏమనెనో తన మాటలలో అరపుట వ్రాయవలెను. తాను దానికి ఎందుకు ఒప్పుకొనునో, ఒప్పుకొనదో మరియొక అరపుట వ్రాయవలెను. తెలుగులో వ్రాసినను మేలే. ఆలోచించుట వచ్చిన తరువాత ఇంగ్లీషు వచ్చును. ఇంగ్లీషు ఒక్కటి వచ్చినంతమాత్రమున ఆలోచన రాదు.

చదువవలసిన పుటల బరువు కూడ ముందే తెలిసియుండవలెను. సాధారణముగ సెమిస్టరునకు నాలుగు పాఠ్యవిషయములుండును. సాహిత్యము, చరిత్ర వంటి ఒక్కొక్కదానికి వారమునకు నూరు పుటలు చదువుమనుట వింత కాదు. తరగతిలో గడపిన గంటకు బయట రెండు మూడు గంటలు పనిచేయవలెనని వారి లెక్క. మొదటిరోజుననే ‘సిలబస్’ అను కాగితము ఇత్తురు. మనకు సిలబస్ అనగా పాఠముల పట్టిక. అక్కడ అది ఒడంబడికవంటిది: ఏ దినమునకు ఏ పుటలు చదివి రావలెనో, ఏ వ్యాసము ఎప్పటికి ఇయ్యవలెనో, ఆలస్యమైన ఎన్ని మార్కులు పోవునో అందుండును. సంవత్సరాంతమున నెలరోజులు రాత్రింబవళ్ళు చదివి గట్టెక్కు మన విద్య అక్కడ సాగదు. మార్కులు మొదటి వారమునుండియే చేరుచుండును.

ఆచార్యుల గది తలుపు వారమునకు కొన్ని నియతమైన గంటలు విద్యార్థులకై తెరచియుండును. దీనిని ‘ఆఫీసు అవర్సు’ అందురు. మన పిల్లలకు గురువుగారి గదికి పోవుట అనగా తప్పు చేసినవాడు పోవుట. అక్కడ బాగుగ చదువువారే ఎక్కువగ పోవుదురు. మొదటి రెండు వారములలోనే, ఏ కష్టమును లేనప్పుడే, ఒక్క ప్రశ్న చేతబట్టుకొని ప్రతి ఆచార్యుని గదికి ఒకమారు పోయి రావలెనని మేము గట్టిగ చెప్పుదుము. కష్టము వచ్చినపుడు తెలిసిన తలుపు తట్టుట తేలిక.

ఇక కుటుంబమునకు నిజమైన పరీక్ష. ఈ కళాశాలలలో పెక్కింట విద్యార్థి తన ముఖ్యవిషయమును రెండవ యేటి చివర వరకు నిర్ణయింప నక్కరలేదు. అమ్హర్స్ట్, గ్రిన్నెల్ వంటి చోట్ల విధిగ చదువవలసిన విషయములును దాదాపు లేవు. అక్టోబరులో ఫోను చేసి పిల్ల, “రసాయనశాస్త్రముతోపాటు గ్రీకు నాటకములు, మట్టిపాత్రల పని తీసికొన్నాను” అని చెప్పును. ఇక్కడ తండ్రి గుండె ఆగినంత పని యగును. ఆ తండ్రిని చూచి నవ్వుటకు మాకు మనసొప్పదు. ఇట్టి కళాశాలలు పెక్కింట బోధన, భోజనవసతులు కలిపి సంవత్సరమునకు ప్రకటించిన వ్యయము 80,000 డాలర్లు దాటియున్నది. ధనసాహాయ్యము దొరకినను మిగిలిన భాగమునకు పొలమో, ఇంటి స్థలమో కదలుచుండును. అంత సొమ్ము వెచ్చించువాడు “చివరికి ఏమవుతావమ్మా?” అని అడుగుట లోభము కాదు, మూర్ఖత్వమును కాదు.

ఆ ప్రశ్నను ప్రయాణమునకు ముందు అడిగి తేల్చుకొనవలెను. సివిల్ ఇంజనీరు కావలెనని పిల్ల మనస్సు గట్టిపడియున్నచో చిన్న లిబరల్ ఆర్ట్సు కళాశాలకు పంపుట తగదని మా అభిప్రాయము. స్వార్త్‌మోర్, స్మిత్ వంటి కొన్నిటిలో ఇంజనీరింగు ఉన్నను, పెక్కింటిలో లేదు. ఇంకను మనస్సు తేలని పిల్లకు, లేదా రెండు మూడు శాస్త్రముల సరిహద్దులలో ఆసక్తి గల పిల్లకు, ఆ రెండేండ్ల వ్యవధి వరమే. అయినను ఒక జాగ్రత్త: గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు మెట్లవలె ఒకదానిపై ఒకటి నిలిచియుండును. మొదటి సెమిస్టరున మొదటి మెట్టు ఎక్కనివారు మూడవ యేట ఆ విషయమును ఎన్నుకొనవలెనన్న ఇబ్బందిపడుదురు. కనుక గ్రీకు నాటకము చదువనిండు. దాని పక్కనే కలనగణితమును ఉన్నదా అని మాత్రము అడుగుడు. పండ్రెండువారములకొకమారు మనసు మార్చుకొను హక్కు పిల్లకు ఇచ్చినామని పెద్దలు మాట యియ్యవలెను. ఆ మాటను నిలుపుకొనవలెను. ఆ కళాశాల పేరు పెండ్లి సంబంధములు చూచువారికి తెలియదన్న చింత మా పెద్దత్తగారికి నేటికిని ఉన్నది. దానికి మావద్ద మందు లేదు.

మొదటి మార్కులు తక్కువగ రావచ్చును. అక్కడివారికిని ఈ సంగతి తెలియును. స్వార్త్‌మోర్‌లో మొదటి సెమిస్టరుకు ఉత్తీర్ణతయే గాని శ్రేణి పత్రమున కెక్కదు. ఓరిగన్‌లోని రీడ్ కళాశాలలో చదువు తృప్తికరముగ సాగుచున్నంతకాలము, అడిగిన తప్ప, విద్యార్థికి శ్రేణులు తెలుపరు. ఇట్టి ఏర్పాటు లేనిచోట పిల్లకు ‘బి’ వచ్చినదని ఇంట శోకము పాటింపరాదు.

మిగిలినవి త్వరగ చెప్పుదుము. ఐ-20 పత్రము, పాస్‌పోర్టు, టీకాల ధ్రువపత్రము చేతిసంచిలోనే ఉండవలెను, పెట్టెలో కాదు. ఎఫ్-1 వీసాపై చదువు ప్రారంభమగుటకు 30 దినములకన్న ముందుగ ఆ దేశమున ప్రవేశింపరాదు. చదువుకాలమున కళాశాల ఆవరణలో వారమునకు 20 గంటల వరకు పనిచేయవచ్చును. గ్రంథాలయములోను, భోజనశాలలోను అట్టి పనులు దొరకును. దానిని చిన్నతనముగ ఎవ్వరును భావింపరు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కరు, మిక్సీ అక్కడ పనికిరావు, వసతిగృహపు గదిలో వంటకు అనుమతియును తరచుగ ఉండదు. అయోవా, మిన్నెసోటాలలో చలి సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవు రాత్రులుండును. ఆ చలికి తగిన కోటు ఇక్కడ కొనుట వృథా. డబ్బు మిగిల్చి అక్కడ కొనవలెను. మేము ఇక్కడ కొనిన కోటు ఇప్పుడు మా యింట బీరువాలో ఉన్నది.

ఒకటి మాత్రము మరువరాదు. చలికాలపు సెలవులలో పెక్కు వసతిగృహములు మూసివేయుదురు. అప్పుడు పిల్ల ఎక్కడ ఉండును, ఏమి తినును అను ప్రశ్నను డిసెంబరులో కాక సెప్టెంబరులోనే విదేశ విద్యార్థుల కార్యాలయము నడుగవలెను. ధనసాహాయ్యమున ఆరోగ్యభీమా, పుస్తకములు, ఈ సెలవుల ఖర్చు చేరునో లేదో కూడ అప్పుడే వ్రాతపూర్వకముగ తెలిసికొనవలెను.

ఫోను సంగతి. ప్రతి దినము మాటలాడుట ఇరువురకును మంచిది కాదని మాకు అనుభవముమీద తెలిసినది. సాయంకాలము స్నేహితులతో బల్లవద్ద కూర్చుండవలసిన పిల్ల గదిలో కూర్చుండి మాతో మాటలాడుచుండెను. తరువాత వారమునకు ఒక దినము ఏర్పరచుకొంటిమి. మనకు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలైనపుడు అయోవాలో శనివారము రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారమున వారు గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు; ఆ తరువాత మన ఎనిమిది వారికి ఎనిమిదిన్నర యగును. మొదటి యేడు మాకది తెలియక, ఆ పిల్ల భోజనశాలనుండి ఇంకను గదికి చేరకముందే ఫోను చేసి, ఎత్తకపోగా ఇంటిల్లిపాదియు గంటసేపు కంగారుపడితిమి.